రెండు వేల రథాలు, ఒక ద్రాక్షతోట

ఇశ్రాయేలు రాజు ఆహాబు తండ్రి ఒమ్రీ ఒక కొండను డబ్బిచ్చి కొన్నాడు. షెమెరు అనే ఆసామికి రెండు తలాంతుల వెండి, అంటే ఇప్పటి తూకంలో 60 కిలోలకు పైమాటే, ముట్టజెప్పి ఆ కొండను సొంతం చేసుకున్నాడని బైబిల్‌లోని రాజుల మొదటి గ్రంథం చెబుతుంది. ఒమ్రీ మెత్తని మనిషేమీ కాదు. సేనాపతిగా ఉండి, గద్దె కోసం తనతో పోటీపడ్డవాళ్లను అణిచి రాజైనవాడు. సైన్యమంతా అతని వెనకే ఉంది. కావాలనుకుంటే ఆ కొండ మీద డేరాలు వేయించి నాదే అని ఉండేవాడు, అడ్డొచ్చేవాళ్లూ ఉండేవారు కాదు. అయినా వెల కట్టి కొన్నాడు. అమ్మిన ఆసామి పేరు మాసిపోకుండా అక్కడ కట్టిన పట్టణానికి షోమ్రోను అని పేరు పెట్టాడు. మనం సమరియ అని వినేది ఆ ఊరి గురించే.

ఒమ్రీ పాలన గురించి బైబిల్ రాసింది కొద్ది వాక్యాలే. దేవుని దృష్టికి చెడ్డవాడని తేల్చి ముందుకు సాగిపోతుంది. ఆ కొద్దిలోనూ ఈ కొనుగోలు మాట ఎందుకు రాసిపెట్టారా అని నేను చాలాసార్లు ఆలోచించాను. తర్వాతి తరంలో జరిగింది తెలిసినవాళ్లకు ఆ మాట మామూలుగా అనిపించదు. ఈ ఒమ్రీ కొడుకే, కూరగాయలు పండించుకోవడానికి చాలినంత నేల కోసం ఒక మనిషి ప్రాణం పోయినా పట్టించుకోని రాజయ్యాడు.

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఏలీయా అన్న పేరు కొల్లలు. ఆహాబు అని పేరున్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఆహాబు అంటే దుర్మార్గుడు, అతని భార్య యెజెబెలు అంతకన్నా దుర్మార్గురాలు అని నేర్చుకున్నాం. అది తప్పని నేనిప్పుడు అనబోవడం లేదు. కాకపోతే వయసు మీద పడుతున్నకొద్దీ, ఆ పాలనను మళ్లీ మళ్లీ చదువుతున్నకొద్దీ, నా కన్ను రాజు మీద కన్నా అతని చుట్టూ ఉన్నవాళ్ల మీద ఎక్కువగా నిలుస్తోంది. ఆ రాజ్యంలో రాజముద్ర ఉన్న ఉత్తరం చేతికి అందినప్పుడు ఎవరెవరు ఏం చేశారు? ఆహాబు కథంతా నాకు అక్కడే ఉన్నట్టు తోస్తుంది.

రాళ్లు చెప్పే రాజు

సొలొమోను చనిపోయాక రాజ్యం రెండుగా చీలింది. దక్షిణాన యెరూషలేము రాజధానిగా యూదా, ఉత్తరాన ఇశ్రాయేలు. ఉత్తరాన గద్దెకు స్థిరం లేదు. ఒకరిని చంపి ఒకరు ఎక్కారు. ఒక రాజైతే ఏడు రోజులే ఉన్నాడు. ఆ రోజులకు ఒమ్రీ తెర దించాడు. అతని కొడుకు ఆహాబు క్రీ.పూ. 874 ప్రాంతం నుంచి 853 ప్రాంతం దాకా, బైబిల్ లెక్క ప్రకారం 22 ఏళ్లు, షోమ్రోనులో ఏలాడు.

బైబిల్ బయట ఈ రాజు ఎంతటివాడో చెప్పే రాయి ఒకటుంది. 1861లో జాన్ జార్జ్ టేలర్ అనే ఆంగ్లేయుడు ఇప్పటి టర్కీలోని దియార్‌బకిర్ దగ్గర, కుర్ఖ్ అన్న చోట దాన్ని వెలికితీశాడు. ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అష్షూరు చక్రవర్తి మూడో షల్మనేసెరు తన దండయాత్రలను దానిమీద చెక్కించుకున్నాడు. క్రీ.పూ. 853లో సిరియాలోని ఒరాంటెస్ నది ఒడ్డున, కర్కర్ దగ్గర, తనకు ఎదురు నిలిచిన రాజుల పద్దు కూడా అందులో వేయించాడు. డమాస్కస్ రాజు హదదెజెరు తెచ్చినవి 1,200 రథాలు, 1,200 మంది రౌతులు, 20,000 కాల్బలం. హమాతు రాజువి 700 రథాలు. గిందిబు అనే అరబ్బు నాయకుడు 1,000 ఒంటెలతో వచ్చాడు. ఇశ్రాయేలు రాజు ఆహాబు 2,000 రథాలు, 10,000 సైనికులతో నిలబడ్డాడు.

రథాల లెక్కలో ఆ జాబితాకంతా మొదటివాడు ఆహాబే. గెలిచానని చాటుకోవడానికి చక్రవర్తి అంకెలు పెంచి ఉండొచ్చు. చెక్కినవాడి చేయి తడబడిందనే పండితులూ ఉన్నారు. ఎంత తగ్గించి చూసినా ఆ కూటమి ముఖ్యుల్లో అతనొకడన్నది మాత్రం నిలుస్తుంది. షల్మనేసెరు తానే గెలిచానని రాయించుకున్నాడు గానీ, తర్వాతి ఏళ్లలోనూ ఆ రాజులతో పదేపదే పోరాడాల్సి వచ్చింది. కర్కర్ దగ్గర అతని జోరుకు కళ్లెం పడిందనడానికి అదొక్కటి చాలు.

మరి ఇంత పెద్ద యుద్ధం గురించి బైబిల్‌లో ఎన్ని మాటలున్నాయి? ఒక్కటి కూడా లేదు. పశ్చిమాసియా చరిత్రలో ఆహాబు పేరు నిలిచింది ఆ యుద్ధంతోనైతే, అతని సొంత జనం చరిత్రకారులు దాన్ని పుస్తకంలోకే రానివ్వలేదు. వాళ్లు ఆ చోటును ఒక ద్రాక్షతోటకు ఇచ్చారు. ఒక రాజు హయాంలో ఏది రాయదగ్గదో ఎంచడంలో ఆ పాత లేఖకులు చూపిన గుండెనిబ్బరం నాకు ఇవాళ్టికీ ఆశ్చర్యమే.

ఇంకో రాయి 1868లో జోర్డాన్‌లోని ధీబాన్‌లో బయటపడింది, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మోయాబు రాజు మేషా వేయించిన శాసనమది. ఒమ్రీ తన దేశాన్ని చాలాకాలం అణగదొక్కాడని, అతని కొడుకూ అదే చేయాలని చూశాడని అందులో ఉంది. బైబిల్ వైపు లెక్క చూస్తే మేషా ఇశ్రాయేలు రాజుకు కట్టిన కప్పం లక్ష గొర్రెపిల్లలు, లక్ష పొట్టేళ్ల ఉన్ని. రథాలకూ కోటలకూ సొమ్ము ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ మందలు చెబుతాయి.

షోమ్రోనులో 1908 నుంచి 1910 వరకూ హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు, 1931 నుంచి 1935 వరకూ జాన్ క్రోఫుట్ నాయకత్వంలోని బృందం తవ్వకాలు జరిపారు. రాజప్రాసాదం ఉన్న మిట్ట మీద ఏనుగుదంతపు చెక్కడాల ముక్కలు వందల సంఖ్యలో దొరికాయి. తామరపూలు, రెక్కలున్న జంతువులు, తామరలో కూర్చున్న ఐగుప్తు బాలదేవుడు. పనితనం ఫొనీషియా వాళ్లది. యెజెబెలు పుట్టిల్లు సీదోను ఆ తీరంలోనిదే. ఆహాబు దంతపు ఇల్లు కట్టించాడని బైబిల్ ఒక్క వాక్యంలో అంటుంది. ఆ ముక్కలన్నీ అతని కాలానివే కావు, తర్వాతి వందేళ్లలోవీ కలిసి ఉన్నాయి. కానీ ఆ కొండ మీది ఐశ్వర్యం కల్పన కాదని అవి చూపుతాయి.

గడ్డి వెతికిన రాజు

ఆ ఐశ్వర్యం మధ్యలో కరవు వచ్చింది. ఏలీయా ప్రవక్త గిలాదు నుంచి వచ్చి, తాను చెప్పేదాకా వాన ఉండదని రాజు ముఖం మీదే అన్నాడు. తర్వాతి భాగం అందరికీ తెలిసిందే. కాకులు తిండి తెచ్చిపెట్టడం, సారెపతులో విధవరాలి పిండితొట్టి తరగకపోవడం, చివరికి కర్మెలు కొండ మీద బయలు అనే దేవుణ్ని కొలిచే 450 మంది ప్రవక్తలతో పందెం. పిల్లలకు చెప్పడానికి అంతకన్నా మంచి కథ ఉండదు కాబట్టి దాన్ని నేను మళ్లీ చెప్పను.

నన్ను పట్టుకున్నది దానికి ముందున్న చిన్న సంగతి. కరవు మూడో ఏట రాజు తన గృహనిర్వాహకుడైన ఓబద్యాను పిలిచి, దేశంలోని ఊటలన్నీ, వాగులన్నీ చూసి రమ్మంటాడు. గుర్రాలకూ కంచరగాడిదలకూ గడ్డి దొరుకుతుందేమోనని. ఇద్దరూ దేశాన్ని చెరిసగం పంచుకుని చెరో దిక్కూ బయల్దేరతారు. రాజే స్వయంగా గడ్డి వెతుక్కుంటూ వెళ్లాడు. దేశంలో మనుషులూ మాడుతున్నారు. రాజుకు మాత్రం పశువులు కళ్లబడ్డాయి. కుర్ఖ్ రాతి మీది రథాల అంకె గుర్తున్నవాళ్లకు కారణం వెంటనే తడుతుంది. గుర్రం చస్తే రథం లేదు, రథం లేకపోతే డమాస్కస్ ముందూ అష్షూరు ముందూ నిలబడలేడు. రాజ్యరక్షణ దృష్టితో చూస్తే అది బాధ్యతగల పనే. అయినా ఆ వాక్యం చదివిన ప్రతిసారీ సారెపతు విధవరాలి ఇంట్లో అడుగంటిన పిండే నాకు గుర్తొస్తుంది.

ఆ ఓబద్యా గురించి ఆగి మాట్లాడాలి. అతను ఆహాబు కొలువులో పెద్ద ఉద్యోగి, రాజగృహం పెత్తనమంతా అతనిదే. యెజెబెలు యెహోవా ప్రవక్తలను వెతికి చంపిస్తున్న రోజుల్లో అతను వందమందిని, గుహకు 50 మంది చొప్పున, రెండు గుహల్లో దాచాడు. వాళ్లకు రొట్టెలూ నీళ్లూ అందించాడు. ఎక్కడిది ఆ రొట్టె? కరవుకాలంలో అంతమందికి తిండి పంపాలంటే అతని చేతికింద ఉన్న రాజుగారి కొట్లలోంచి తప్ప ఇంకెక్కణ్నుంచి వచ్చి ఉంటుందని నాకు అనిపిస్తుంది. అతను ఉద్యోగం మానలేదు. రాజును ఎదిరించి ఉపన్యాసం చెప్పలేదు. ఏలీయా ఎదురుపడి నేనొచ్చానని రాజుకు చెప్పమన్నప్పుడు, నన్ను చంపించాలని ఉందా అని భయంతో వణికిపోయాడు కూడా. భయపడుతూనే వందమందిని బతికించాడు. ఏలీయాకు దక్కిన పేరు అతనికి దక్కలేదు. నా మటుకు ఆ పాలనలో ఎవరికైనా నమస్కారం పెట్టాలనిపిస్తే ముందు ఓబద్యాకే పెడతాను.

నాబోతు కాదన్నాడు

యెజ్రెయేలులో ఆహాబుకు ఇంకో నగరు ఉండేది. లోయ మీదికి చూసే గుట్ట అది, చుట్టుపక్కల నేల చాలా సారవంతం. 1990ల్లో డేవిడ్ ఉస్సిష్కిన్, జాన్ వుడ్‌హెడ్ అక్కడ తవ్వి, మూలల్లో బురుజులున్న పెద్ద ప్రాకారాన్నీ, రాతిలో తొలిచిన కందకాన్నీ గుర్తించారు. ఆ తర్వాతి తవ్వకాల్లో గుట్ట దిగువన రాతిలో తొలిచిన ద్రాక్షగానుగ కూడా బయటపడింది. నాబోతుదే అనడానికి ఆధారమేమీ లేదు. ఆ నేల ద్రాక్షకు అనువైన నేల అన్నంతవరకూ చాలు.

నగరును ఆనుకుని నాబోతు ద్రాక్షతోట ఉంది. రాజు అడిగిన తీరు మర్యాదగానే ఉంది. తోట నా ఇంటి పక్కనే ఉంది, కూరతోట వేసుకుంటాను, దీనికి బదులు ఇంతకన్నా మంచి తోట ఇస్తాను, అది వద్దనుకుంటే వెల ఎంతో చెప్పు, వెండి ఇస్తాను అన్నాడు. ఈ బేరంలో దౌర్జన్యం వెతికినా కనబడదు. పరిహారం ఉంది, మారు భూమి ఉంది, ఏది కావాలో ఎంచుకునే వీలుంది. బహుశా ఆహాబుకు తండ్రి షెమెరు కొండను కొన్న సంగతి మనసులో ఉండి ఉంటుంది. వెలకు రాని నేల ఉంటుందన్న ఊహ ఆ ఇంట్లో ఎవరికీ వచ్చి ఉండదు.

నాబోతు జవాబు చిన్నది. నా పితరుల స్వాస్థ్యం నీకివ్వడం దేవుడి వల్ల నాకు నిషిద్ధం. అంతే. వెల చాలదనలేదు, తోట మీద మమకారమనీ అనలేదు. ఇది నేను అమ్మదగ్గది కాదు అన్నాడు. అతని వెనక ఒక పెద్ద కట్టడి ఉంది. లేవీయకాండం ప్రకారం నేల దేవుడిది, మనుషులు ఆయన దగ్గర కాపురమున్నవాళ్లు. కష్టమొచ్చి అమ్ముకున్నా యాభయ్యో ఏట అది పాత కుటుంబానికి తిరిగి రావాలి. సంఖ్యాకాండం చివర సెలోపెహాదు కూతుళ్ల తగాదా తీర్చేటప్పుడు, ఒక గోత్రం భూమి ఇంకో గోత్రానికి పోకూడదని తేల్చారు. జనం తమకు రాజు కావాలని పట్టుబట్టిన రోజునే సమూయేలు హెచ్చరించాడు, రాజనేవాడు వస్తే మీ మంచి పొలాలూ తోటలూ తీసుకుని తన కొలువువాళ్లకు పంచుకుంటాడని.

ద్రాక్షతోటను కూరతోట చేయడమన్న మాటను కూడా రైతు కళ్లతో చూడాలి. తీగ నాటి, పందిరో ఊతమో ఇచ్చి, మూడు నాలుగేళ్లు సాకితే గానీ కాపు చేతికి రాదు. ఆ తర్వాత తరాల తరబడి పండుతుంది. కూరమొక్క ఒక్క కారులో వచ్చి పోతుంది. వంటింటికి దగ్గరగా ఆకుకూరలు ఉంటాయని తాతల నాటి తీగల్ని పీకేస్తానంటున్నాడు రాజు.

అమ్మకూడని భూమి అన్న ఆలోచన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉంది. అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం, భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధించింది. ఈ కట్టడుల వెనకున్న భయం లేవీయకాండం వెనకున్నదే. బలవంతుడూ బలహీనుడూ బేరానికి కూర్చుంటే, ఎంత పెద్ద వెల ఇచ్చినా అది సమానుల మధ్య బేరం కాదు. నల్లగొండ, గుంటూరు వైపు పల్లెల్లో చిన్న కమతాల మీద, కౌలు మీద బతికే కుటుంబాలు గుడిలో కూర్చుని నాబోతు కథ వింటాయి. వాళ్లకు ఆ తోట వేల ఏళ్ల నాటిదిగా, వేల మైళ్ల దూరానిదిగా అనిపించదు. బోధకుడు విగ్రహారాధన వైపు ఎంత లాగినా వినేవాళ్ల మనసు తోట దగ్గరే ఉంటుంది.

ఉత్తరాలు

కాదనిపించుకున్న రాజు ఇంటికొచ్చి మంచమెక్కాడు. గోడవైపు తిరిగి పడుకుని అన్నం ముట్టలేదు. దీన్ని పసితనం అని కొట్టిపారేస్తారు చాలామంది. నేనలా అనుకోను. కర్కర్‌లో అష్షూరు చక్రవర్తికి ఎదురు నిలిచిన మనిషి ఒక రైతు మాటకు తలొగ్గి వెనక్కి వచ్చాడు. బలవంతంగా లాక్కోలేదు. మనసులో ఎంత రగిలినా ఆ కట్టడికి కట్టుబడాలని అతనికి తెలుసు. ఇశ్రాయేలులో రాజుకు పైన కూడా ఒక ధర్మముందని నమ్మిన మనిషే ఆ మంచం మీద పడుకున్నాడు.

యెజెబెలు పెరిగిన పద్ధతి వేరు. ఆమె సీదోను రాజు ఎత్బయలు కూతురు. నువ్వు రాజువా కాదా అన్నట్టు మాట్లాడి, తోట నేనిప్పిస్తాను లేచి భోంచెయ్ అంది. ఆహాబు పేర ఉత్తరాలు రాసింది, ఆహాబు ముద్ర వేసింది, యెజ్రెయేలు పెద్దలకు పంపింది. ఉపవాస దినం చాటించండి, నాబోతును జనం ముందు కూర్చోబెట్టండి, ఎదురుగా ఇద్దరు పనికిమాలినవాళ్లను పెట్టండి, వీడు దేవుణ్నీ రాజునూ దూషించాడని సాక్ష్యం చెప్పించండి, ఊరి బయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టండి. పరాయి దేశపు ఆడది మన ధర్మాన్ని పాడుచేసిందని ఆమె మీద నింద. కానీ ఆ ఉత్తరంలో ఉన్నదంతా ఇశ్రాయేలు ధర్మశాస్త్రమే. మరణశిక్షకు ఇద్దరు సాక్షులుండాలి, ఇద్దరిని పెట్టింది. దైవదూషణకు రాళ్లదెబ్బలు, అవే రాసింది. ఉపవాసంతో మొదలుపెట్టమంది. నాబోతును అతను నమ్మిన శాస్త్రంతోనే చంపించింది.

ఆడదాని మాట విని రాజు చెడ్డాడు అని వేదికల మీద చెప్పినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. రాసింది ఆమె, నిజమే. ముద్ర ఎవరిది? తోట నీ చేతికొస్తుందని భార్య అన్నప్పుడు ఎలా వస్తుందని అతను అడిగాడా? నాబోతు చచ్చిపోయాడని ఆమె చెప్పినప్పుడు ఎలా చచ్చిపోయాడని అడిగాడా? గ్రంథంలో అతని నోట ఒక్క ప్రశ్న కూడా లేదు. వినగానే లేచి తోట స్వాధీనం చేసుకోవడానికి వెళ్లాడు. ఏలీయా అక్కడే ఎదురుపడి, నువ్వు చంపి, స్వాధీనం కూడా చేసుకున్నావా అన్న అర్థం వచ్చేలా నిలదీశాడు. రాయి విసరనివాణ్ని, ఉత్తరం రాయనివాణ్ని పట్టుకుని నువ్వే చంపావన్నాడు. అడగకుండా ఉండటం కూడా ఒక చేత అని ప్రవక్త అంత సూటిగా తేల్చాడు.

ఇక ఆ పెద్దలు. నాబోతు వాళ్ల ఊరివాడు. ఒకే వీధిలో నడిచినవాళ్లు, కల్లాల దగ్గర కలుసుకున్నవాళ్లు, ఏ పండగకో పక్కపక్కన కూర్చుని తిన్నవాళ్లు అయి ఉంటారు. ఉత్తరంలో అబద్ధ సాక్షుల్ని పెట్టండని రాసి ఉంది. అంటే అభియోగం అబద్ధమని చదివిన ప్రతివాడికీ తెలుసు. సాకు చెప్పుకోవడానికి కూడా చోటు లేదు. అయినా ఒక్కరు ఆలస్యం చేయలేదు. ఒక్కరు జబ్బని ఇంట్లో ఉండిపోలేదు. ఒక్కరు చీకటిపడ్డాక నాబోతు గుమ్మం దగ్గరికి వెళ్లి పారిపొమ్మని చెప్పలేదు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టు జరిపించి, నాబోతు చచ్చిపోయాడని రాణికి కబురు పంపారు. ఆ కబురు రాజుకు పంపలేదు, రాణికే పంపారు. ఉత్తరం మీద రాజు ముద్ర ఉన్నా రాసిందెవరో వాళ్లకు తెలుసన్నమాట. ఓబద్యా ఉన్నది కూడా ఈ రాజు కొలువులోనే. ఈ రాణి భయమే అతనికీ ఉంది. కాబట్టి ఆ రోజుల్లో అంతకన్నా ఇంకేం చేయగలరన్న మాటకు నా దగ్గర మన్నింపు లేదు.

రాజుల రెండో గ్రంథంలో ఇంకో మాట దాగి ఉంది. నాబోతు రక్తంతోపాటు అతని కొడుకుల రక్తం గురించి కూడా అక్కడ ఉంది. తోట కథ చెప్పేటప్పుడు ఎవరూ ఆ కొడుకుల ప్రస్తావన తేరు. వారసులు బతికుంటే భూమి వాళ్లకు పోతుంది. పని పూర్తిగా చేశారు పెద్దలు.

నిజం తెలిసిన మనిషి

ఏలీయా మాట విన్న ఆహాబు బట్టలు చింపుకున్నాడు, గోనెపట్ట కట్టుకున్నాడు, ఉపవాసమున్నాడు, తలవంచుకుని తిరిగాడు. ఆ పశ్చాత్తాపం నటన అని గ్రంథం అనదు. దేవుడే దాన్ని గమనించి, రావలసిన కీడును అతని కొడుకు కాలానికి వాయిదా వేశాడని చెబుతుంది. కానీ తోట తిరిగి ఇచ్చినట్టు ఎక్కడా లేదు. ఏళ్లు గడిచాక ఆ నేల ప్రస్తావన వచ్చినప్పుడు కూడా గ్రంథకర్త దాన్ని నాబోతు పొలమనే అంటాడు.

మూడేళ్ల తర్వాత రామోత్‌గిలాదు కోసం సిరియా మీద యుద్ధం. యూదా రాజు యెహోషాపాతు తోడొచ్చాడు. నాలుగు వందలమంది ప్రవక్తలు గెలుస్తావన్నారు. సిద్కియా అనేవాడు ఇనుప కొమ్ములు చేయించుకుని మరీ ఆడి చూపించాడు. ఇంకెవరూ లేరా అని యెహోషాపాతు అడిగితే, ఒకడున్నాడు, మీకాయా అని, వాడంటే నాకు పడదు, నా గురించి మంచి ఎప్పుడూ చెప్పడు అన్నాడు ఆహాబు. ఆ మీకాయాను పిలిపిస్తే అతను మొదట మిగతావాళ్ల మాటే అన్నాడు. నమ్మకుండా, నిజం చెప్పమని గద్దించింది ఆహాబే. నిజం చెప్పగానే చెరసాలలో వేయించాడు, యుద్ధానికి బయల్దేరాడు. ఈ మనిషికి ఎప్పుడూ కొరవడింది నిజం తెలియకపోవడం కాదు. ఏది నిజమో అందరికన్నా ముందు అతనికే తెలుస్తుంది. తెలిశాక దాని వెంట నాలుగడుగులు వేయడం చేతకాదు.

ధైర్యం మాత్రం కొరవ లేదు. మారువేషంలో పోరుకు దిగాడు. ఎవరో గురి చూడకుండా విడిచిన బాణం కవచం అతుకుల మధ్య దిగింది. రథాన్ని పక్కకు తిప్పమన్నాడు గానీ, యుద్ధం ముదరడంతో రథంలో నిలబెట్టించుకుని సాయంత్రం దాకా శత్రువుకు ఎదురుగానే ఉన్నాడు. రాజు పడిపోయాడని తెలిస్తే సైన్యం చెదిరిపోతుంది. పొద్దుగూకే వేళకు చచ్చిపోయాడు. ఒక రాజుగా అది గొప్ప చావే. నాబోతు విషయంలో ఆ నిలబడటంలో వందో వంతు చూపించి ఉంటే అని అక్కడికి వచ్చినప్పుడల్లా నా మనసు పీకుతుంది.

మళ్లీ ఉత్తరాలు

ఏలీయా ఆ రోజు తోటలో పలికిన తీర్పుకు ఒక సాక్షి ఉన్నాడు. ఆహాబు వెనక రథం తోలుకుంటూ వచ్చిన అధికారి యెహూ. అప్పుడతను నోరు మెదపలేదు. క్రీ.పూ. 841 ప్రాంతంలో, తనకు రాజ్యం వచ్చే సందు దొరికాక, ఆ తీర్పును గుర్తుచేసుకున్నాడు. ఆహాబు కొడుకు యెహోరామును బాణంతో కొట్టి, శవాన్ని నాబోతు పొలంలో పడేయించాడు. యెజెబెలును కిటికీలోంచి తోయించాడు.

ఆపైన షోమ్రోనులోని పెద్దలకు ఉత్తరాలు రాశాడు. ఆహాబు కొడుకులు 70 మంది ఆ పెద్దల పోషణలోనే ఉన్నారు. రేపు ఈపాటికి ఆ తలలు యెజ్రెయేలుకు పట్టుకురండన్నది ఉత్తరంలోని ఆజ్ఞ. తాము పెంచిన పిల్లల్ని ఆ పెద్దలు నరికి, తలల్ని గంపల్లో పెట్టి పంపారు. నాబోతు నాటి పెద్దలకు వచ్చినట్టే ఉత్తరం వచ్చింది. ముద్ర మారింది. మర్నాడు పొద్దున యెహూ ఊరి గుమ్మం దగ్గర నిలబడి, నా యజమానిని చంపింది నేనే, మరి వీళ్లందరినీ చంపిందెవరని జనాన్ని అడిగాడు. ఆ అడగడంలో కపటం నిండుగా ఉంది, ఆజ్ఞ ఇచ్చింది అతనే కాబట్టి. అయినా ఆ ప్రశ్న ఆ పెద్దలకు తగిన ప్రశ్నే.

ఆహాబు ఎవరికైతే ఎదురు నిలిచాడో ఆ షల్మనేసెరుకే యెహూ కప్పం కట్టాడు. 1846లో నిమ్రూద్‌లో హెన్రీ లేయర్డ్ వెలికితీసిన నల్లరాతి స్తంభం మీద ఆ దృశ్యం చెక్కి ఉంది. చక్రవర్తి పాదాల దగ్గర నేలకు నుదురానించిన మనిషి, పక్కనే యెహూ పేరు. ఇంకో నూరేళ్లకు, యెహూ మునిమనవడు రెండో యరొబాము ఏలుతుండగా, ప్రవక్త హోషేయకు మగబిడ్డ పుట్టాడు. దేవుని మాట ప్రకారం బిడ్డకు యెజ్రెయేలు అని పేరు పెట్టాడు. అక్కడ చిందిన రక్తానికి యెహూ వంశం లెక్క అప్పజెప్పాలని చాటాడు. నాబోతు పేరు చెప్పి చేసిన హత్యలు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి. యరొబాము కొడుకు జెకర్యా గద్దెనెక్కిన ఆరు నెలలకు షల్లూము అనేవాడు జనం చూస్తుండగా అతన్ని చంపి తాను రాజయ్యాడు.